మైకు ముందర నుంచి స్టూడియో అద్దం వెనక్కి

ప్రశ్న: అన్నా, పదేళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడతాండా, పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి ప్రోగ్రాములు అన్నీ. ఈ మధ్య మా పార్టీ ఓనరు మెయిన్ పాటలు కొత్త పిల్లోడికిచ్చి, నన్ను బుకింగులు, సౌండ్ చెకింగు చూసుకోమంటాడు. నాకు ఆ పని నచ్చింది గానీ ఇంట్లోవాళ్లు పాడేది పోయిందని బాధపడతాండారు. పోయిన నెల మీరు పీటర్ ఆషర్ అనే ఆయన పాడేది మానేసి మేనేజరు అయినాడని ఒక్క లైను రాసి వదిలేసినారు. పూర్తిగా చెప్పండన్నా.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

తమ్ముడూ, అట్లా వదిలేసింది నా తప్పే, ఈసారి మొదట్నుంచి చెప్తా. ఆషర్ 1944లో లండన్‌లో పుట్టినాడు, చిన్నప్పుడు సినిమాల్లో వేషాలు కూడా వేసినాడు. స్కూల్లో గోర్డన్ వాలర్ అనే స్నేహితుడు దొరికితే ఇద్దరూ గిటార్లు పట్టుకుని పీటర్ అండ్ గోర్డన్ అని జంటగా పాడేవాళ్లు. ఆషర్ చెల్లెలు జేన్, బీటిల్స్ అనే పేరుమోసిన ఇంగ్లండ్ బ్యాండులోని పాల్ మెకార్ట్నీ ప్రేమించుకున్నారు, అందుకని మెకార్ట్నీ మకాం కొన్నాళ్లు వింపోల్ స్ట్రీట్లో వీళ్లింట్లోనే. బీటిల్స్ వద్దనుకున్న పాటొకటి మెకార్ట్నీ దగ్గర సగంలో ఆగిపోయి ఉంటే వీళ్లు అడిగి పూర్తి చేయించుకుని పాడినారు, 1964లో అది బ్రిటన్లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది, అప్పటికి ఆషర్‌కి ఇరవై ఏళ్లు.

ఇంటి పరిచయంతో వచ్చిన పాటే కదా అని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే నాకు ఈ మనిషి మీద గౌరవం పుట్టింది ఆ తర్వాతి కథ వల్ల. 1968లో జంట విడిపోయినాక బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్ రికార్డ్స్‌లో ఏ అండ్ ఆర్ హెడ్‌గా చేరినాడు, అంటే కొత్త గొంతుల్ని వెతికి పట్టుకొచ్చే పని. పీటర్ అండ్ గోర్డన్ అమెరికా టూర్లో వెనక గిటార్ వాయించిన డానీ కోర్చ్‌మార్ తన స్నేహితుడొకడికి ఆషర్ ఫోన్ నంబరిచ్చి పంపించినాడు. ఆ వచ్చినోడు జేమ్స్ టేలర్. పొడుగ్గా, సిగ్గుగా ఉండే అమెరికా కుర్రోడు, అప్పటికి పేరు లేదు, ఊరుగాని ఊర్లో ఉన్నాడు. ఆషర్ టేపు విన్నాడు, విన్న వెంటనే ఇతన్ని వదలకూడదని అర్థమైపోయింది.

ఇప్పుడు నువ్వు బాగా గమనించాల్సిన సంగతి చెప్తా. టేలర్ మొదటి ఆల్బం 1968లో ఆషరే ప్రొడ్యూస్ చేసినాడు, మెకార్ట్నీ ఒక పాటలో బేస్ గిటార్ కూడా వాయించినాడు, అయినా అమ్ముడుపోలేదు. వయొలిన్లు, పాటకీ పాటకీ మధ్య చిన్న చిన్న సంగీతం ముక్కలు, అన్నీ పెట్టేసరికి టేలర్ గొంతు, గిటారు కింద పడిపోయినాయి. తర్వాత ఆషరే తాను ఎక్కువ చేసినానని ఒప్పుకున్నాడు. 1969లో యాపిల్లోకి ఆలెన్ క్లైన్ అనే అమెరికా మేనేజరు వచ్చి పెత్తనం మారింది, ఆషర్ ఉద్యోగం వదిలేసి టేలర్‌కి మేనేజరయ్యి లాస్ ఏంజలిస్‌కి పోయినాడు. ఒక్క ఆల్బం ఆడకపోతే ఆ సింగర్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ, ఈయన దేశమే మారినాడు.

రెండో ఆల్బం స్వీట్ బేబీ జేమ్స్, 1970. ఈసారి ఇంట్లోనే రిహార్సల్ చేయించినాడు, మనుషులు కొద్దిమందే, కోర్చ్‌మార్ గిటార్, కారోల్ కింగ్ పియానో, రస్ కుంకెల్ డ్రమ్స్. కుంకెల్ ఒక పాటలో కర్రలు పక్కన పెట్టి బ్రష్షులతో వాయించినాడు, గొంతు మీదకి శబ్దం ఎక్కకుండా. అదే ఫైర్ అండ్ రెయిన్, ఆ పాటతోనే టేలర్ పేరు అమెరికా అంతా తెలిసింది. పోయినసారి ఎక్కువైందేదో దాన్ని ఈసారి తీసేసినాడు, తీసేయాలంటే చెవి ఉండాల, నిన్న తాను చేసింది తప్పని ఒప్పుకునే గుండె కూడా ఉండాల. పైగా పక్కన వాయించినవాళ్ల పేర్లు అట్ట మీద వేయించినాడు, ఆ రోజుల్లో వాళ్ల పేర్లు వేసేవాళ్లు తక్కువ. మన ఆర్కెస్ట్రాల ఫ్లెక్సీలో ప్యాడ్స్ వాయించే పిల్లోని పేరు ఎప్పుడన్నా చూసినావా? నీ చేతికి బుకింగులు వచ్చినాయి కాబట్టి మొదట ఆ పని చెయ్యి తమ్ముడూ.

ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పు, అమెరికాలో సంగీతానికి గ్రామీ అవార్డులిచ్చేవాళ్లు ఆషర్‌కి ప్రొడ్యూసర్ ఆఫ్ ద ఇయర్ రెండుసార్లిచ్చినారు, 1977 సంవత్సరానికి ఒకసారి, 1989 సంవత్సరానికి ఒకసారి.

ప్రశ్న: ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేటాయన కదా సార్? మరి ఆషర్ బాగా డబ్బున్నోడా?
— ఒక పాఠకురాలు, ఆదోని

ఈ అనుమానం చానామందికి ఉంటుందమ్మా, మనకి సినిమా నిర్మాత అలవాటు కాబట్టి. రికార్డు ప్రొడ్యూసర్ పని వేరే, డబ్బు కంపెనీ పెడుతుంది, ఈయన ఏ పాట తీసుకోవాల, ఏ శ్రుతిలో పాడాల, ఎవరు వాయించాల, ఎన్నో టేకు ఉంచుకోవాల అనేవి తేలుస్తాడు. సినిమాతో పోలిస్తే డైరెక్టర్ లాంటోడు. అయితే నాకు ఇంకా దగ్గరగా కనిపించేది మన పద్యనాటకంలో హార్మోనిస్టు. మా మేనమామ ఉరవకొండ చుట్టుపక్కల నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఒకసారి కృష్ణుడి వేషం ఆయనకి జలుబు చేసి గొంతు పైకి పోవడంలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు, మామ మాత్రం మొదటి పద్యం రాగం తీసేటప్పుడే పట్టేసి తర్వాతి పద్యానికి అరశ్రుతి తగ్గించేసినాడు, ఆ పద్యానికి వన్స్ మోర్ పడింది. జనం కృష్ణుణ్ణే మెచ్చుకున్నారు, మామ కూడా తల ఊపుతా కూర్చున్నాడు. ప్రొడ్యూసర్ అంటే అది. నాటకం ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకుని, బండి మాట్లాడి, తెల్లారేసరికి అందరికీ డబ్బులు పంచే కాంట్రాక్టరు ఉంటాడే, ఆయన మేనేజరు. ఆషర్ ఈ రెండు పనులూ ఒక్కడే చేసినాడు.

ప్రశ్న: మేము అనంతపురంలో నలుగురు ఇంజనీరింగ్ స్టూడెంట్స్, రాక్ బ్యాండ్ ఉంది. మా సీనియర్ ఒకాయన రికార్డింగ్ తనే చేస్తానంటాడు, మేనేజర్‌గా కూడా తనే ఉంటానంటాడు, 20 శాతం అడుగుతాండాడు. ఒప్పుకోవచ్చా అన్నా?
— బ్యాండ్ తరఫున, అనంతపురం

బయట దేశాల్లో మేనేజరు వాటా మామూలుగా 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, కాబట్టి అంకె చూసి భయపడొద్దు. అడగాల్సింది ఏమంటే, దేంట్లో 20? వచ్చిన మొత్తంలోనా, బండి ఖర్చు, సౌండ్ సిస్టం అద్దె పోయినాక మిగిలినదాంట్లోనా? కాగితం మీద రాసుకోండి. రికార్డింగ్‌కి ఫీజు వేరే తీసుకుంటే అదే డబ్బు మీద మేనేజర్ వాటా మళ్లీ తీసుకోకూడదని కూడా రాయండి.

ఇంకోటి, మేనేజర్ మీ తరఫున అవతలివాళ్లతో కొట్లాడాల, అట్లాంటిది ప్రొడ్యూసర్ కూడా తనే అయితే రికార్డింగ్ బాగలేదని మీరు ఎవరికి చెప్పుకుంటారు? ఆషర్‌కి ఈ చిక్కు వేరే రకంగా వచ్చింది. సింగర్ లిండా రాన్‌స్టాట్ తనకి మేనేజర్‌గా ఉండమని అడిగితే, అప్పటికే టేలర్ చెల్లెలు, ఆమె కూడా సింగరే, కేట్ పనులు చూస్తాండాడు, ఒకే తరహా ఇద్దరు అమ్మాయిల్ని పెట్టుకుంటే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుందని వద్దన్నాడు. కేట్ తప్పుకున్నాకనే లిండా పని తీసుకున్నాడు. 1974 చివర్లో వాళ్లు విడుదల చేసిన హార్ట్ లైక్ ఎ వీల్ మరుసటి ఏడు అమెరికాలో నంబర్ వన్ ఆల్బం. చేతికొచ్చిన సింగర్ని అట్లా వద్దనగలిగే మనిషేనా మీ సీనియర్? ఆయన్ని మీరు రోజూ చూస్తాండారు, మీకే తెలియాల. తెలియకపోతే ఒక్క ఆరు నెలలకే రాసుకోండి, వినాయక చవితి సీజన్ దాటితే ఆయన లెక్కలు ఎట్లా చెప్తాడో చూస్తారు.

ప్రశ్న: ఆషర్ మళ్లీ ఎప్పుడైనా పాడినాడా?
— ఒక పాఠకుడు, కడప

పాడినాడు. 2005లో, కింద పడి వెన్నుకి దెబ్బ తగిలిన ఒక పాత తోటి గాయకుడి కోసం న్యూయార్క్‌లో కచేరీ పెడితే పీటర్, గోర్డన్ ఇద్దరూ ఎన్నో ఏళ్ల తర్వాత ఒకే స్టేజీ మీద నిలబడినారు, ఆ తర్వాత కూడా కలిసి పాడినారు. 2009లో గోర్డన్ చనిపోయినాడు. ఆషర్ ఆ తర్వాత కూడా స్టేజీ ఎక్కి ఆ పాత పాటలు పాడతా, వాటి వెనక కథలు చెప్తా ప్రోగ్రాములు చేసినాడు.