టెక్ సందేహాలు: మోడల్స్ లిస్ట్ ఖాళీగా ఎందుకొస్తోంది?

గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒకాయన రాశారు: "సార్, మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్ల వెబ్ యాప్ ఒకటి నా చేతికొచ్చింది, రూబీ భాషలో వెబ్ యాప్స్ కట్టే రూబీ ఆన్ రైల్స్‌లో ఉంది. రాసినాయన మానేసి వెళ్లిపోయాడు, ఒక్క కాగితం రాసిపెట్టలేదు. ఎన్ని మోడల్స్ ఉన్నాయో చూద్దామని కన్సోల్‌లో అప్లికేషన్‌రికార్డ్ డాట్ డిసెండెంట్స్ అని కొడితే ఖాళీ బ్రాకెట్లు వచ్చాయి. తర్వాత ఫార్మర్ డాట్ ఫస్ట్ అని ఒక రైతు రికార్డు చూసుకుని మళ్లీ కొడితే ఈసారి ఫార్మర్ ఒక్కటే వచ్చింది. యాప్ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. తప్పెక్కడ?"

మీరు చేసిన దాంట్లో తప్పేం లేదండి, పైగా రెండోసారి మళ్లీ కొట్టి చూశారు చూడండి, జవాబు సగం అక్కడే ఉంది. మోడల్ అంటే డేటాబేస్‌లోని ఒక టేబుల్‌తో మాట్లాడే క్లాసు. మీ యాప్ మోడల్స్ అప్లికేషన్‌రికార్డ్ అనే క్లాసు నుంచి పుడతాయి, అలా పుట్టినవాటి లిస్ట్ అడగడమే డిసెండెంట్స్. ప్రోగ్రామ్ తన సొంత కోడ్‌ని తనే చూసుకుని నాలో ఫలానా క్లాసులున్నాయి, ఫలానా కాలమ్స్ ఉన్నాయి అని చెప్పడాన్నే రిఫ్లెక్షన్ అంటాం. అయితే రూబీ చెప్పేది అప్పటిదాకా మెమరీలోకి వచ్చిన క్లాసుల సంగతి మాత్రమే. కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు క్లాసులో కూర్చున్నవాడే పలుకుతాడు, హాస్టల్ రూములో పడుకున్నవాడు పలకడు కదా, అలాగని వాడు కాలేజీలో లేనట్టు కాదు. మీ ఫార్మర్ క్లాసు కూడా అంతే, మీరు పేరు పెట్టి పిలిచేదాకా ఫైల్లోనే ఉంది, పిలవగానే రైల్స్ ఆ ఫైల్ తెరిచి లోపలికి తెచ్చుకుంది, అందుకే రెండోసారి లిస్టులో కనపడింది.

డెవలప్‌మెంట్ మోడ్‌లో రైల్స్ కావాలనే ఇలా బద్ధకంగా ఉంటుంది, ప్రతి ఫైలూ ముందే తెరిస్తే యాప్ లేవడానికి టైమ్ పడుతుంది, మీరు కోడ్ మార్చినప్పుడల్లా మళ్లీ లోడ్ చేసుకోవడానికి కూడా ఇదే సుఖం. కాన్ఫిగ్ ఫోల్డర్లో ఎన్విరాన్‌మెంట్స్ లోపల డెవలప్‌మెంట్ ఫైల్ తెరిస్తే, అన్ని క్లాసుల్నీ ముందే తెచ్చుకోమని చెప్పే ఈగర్ లోడ్ అనే సెట్టింగ్ ఫాల్స్ అని ఉంటుంది, అసలు సర్వర్‌కి వాడే ప్రొడక్షన్ ఫైల్లో అదే ట్రూ అని ఉంటుంది. అందుకే ఇదే లైను సర్వర్లో పూర్తి లిస్ట్ ఇస్తుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఖాళీ బ్రాకెట్లు చూపిస్తుంది. చాలామంది ఇక్కడే తికమకపడి వెర్షన్ తేడా అనుకుని పూటంతా పోగొట్టుకుంటారు, కానీ దీనికి వెర్షన్‌తో సంబంధం లేదు.

చేయాల్సింది ఒక్క లైను. కన్సోల్ తెరవగానే ముందు రైల్స్ డాట్ అప్లికేషన్ డాట్ ఈగర్ అండర్‌స్కోర్ లోడ్, చివర ఆశ్చర్యార్థకం, అంతే. తర్వాత మీ పాత లైను మళ్లీ కొట్టండి, ఫార్మర్, లాట్, బాండ్, ఛాంబర్ అని వరసగా వస్తాయి. ఈగర్ లోడ్ మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగిపోతే భయపడకండి, అది మంచికే, ఎక్కడో ఫైల్ పేరుకీ లోపలున్న క్లాస్ పేరుకీ పొత్తు కుదరలేదన్నమాట. క్లాసుల ఫైల్స్ వెతికి తెచ్చే పని చేసే, రైల్స్ 6 నుంచి వచ్చిన జైట్‌వర్క్ లోడర్ ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. కన్సోల్ బయటికొచ్చి బిన్ స్లాష్ రైల్స్ జైట్‌వర్క్ కోలన్ చెక్ అని రన్ చేస్తే ఏ ఫైల్ దగ్గర ఇబ్బందో అదే చెబుతుంది.

ఇంకో రెండు సంగతులు. యాప్ రైల్స్ 5 కంటే పాతదైతే అప్లికేషన్‌రికార్డ్ అనేదే ఉండదు, అప్పుడు యాక్టివ్‌రికార్డ్ బేస్ మీద డిసెండెంట్స్ అడగండి. కొత్త యాప్‌లో కూడా బేస్‌ని అడగొచ్చు కానీ రైల్స్ సొంత మోడల్స్, అప్‌లోడ్ చేసిన ఫైల్స్ చూసుకునే యాక్టివ్ స్టోరేజ్ లాంటివి, మీ వాటితో కలిసిపోయి వస్తాయి, టేబుల్ లేని అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు కూడా వస్తాయి, వాటిని అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ క్వశ్చన్ మార్క్ అనే మెథడ్‌తో ఏరేయండి. రెండోది, రాసినాయన ఏవైనా మోడల్స్ లిబ్ ఫోల్డర్లో పెట్టి అవసరమైన చోట రిక్వైర్ చేసుకున్నాడనుకోండి, ఈగర్ లోడ్ వాటి జోలికి పోకపోవచ్చు, పాత కోడ్‌లో ఇది నేను చాలాసార్లు చూశాను, ఒకసారి ఆ ఫోల్డర్ కూడా తిరగేయండి.

లిస్ట్ వచ్చాక ఆగిపోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. డేటాబేస్‌ని కూడా విడిగా అడగండి, యాక్టివ్‌రికార్డ్ బేస్ డాట్ కనెక్షన్ డాట్ టేబుల్స్ అంటే అసలు టేబుల్స్ పేర్లొస్తాయి. ఇటు మోడల్స్ ఒక్కోదాని టేబుల్ నేమ్, అటు టేబుల్స్, రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి రెంటిలోనూ ఉన్న పేర్లు కొట్టేసి చూడండి. స్కీమా మైగ్రేషన్స్, ఏఆర్ ఇంటర్నల్ మెటాడేటా అనే రెండూ రైల్స్ తన కోసం పెట్టుకున్నవి, వాటిని వదిలేయండి. మీ యాప్‌లో పార్టీ అనే మోడల్ ఉండి దాని కింద బయ్యర్, ట్రేడర్ ఉన్నాయనుకోండి, మూడు క్లాసులకీ పార్టీస్ అనే ఒక్క టేబులే ఉంటుంది, ఏ రో ఎవరిదో టైప్ అనే కాలమ్ చెబుతుంది, కాబట్టి లెక్కలు సమానంగా రాలేదని కంగారు పడక్కర్లేదు. మోడల్ లేకుండా మిగిలిపోయిన టేబుల్స్ ఉంటాయి చూడండి, జాగ్రత్తగా చూడాల్సింది వాటినే.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే కొన్నేళ్ల కింద విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపు బిల్లింగ్ యాప్ మేం చూసుకునేవాళ్లం. అందులో ఒక టేబుల్‌కి మోడల్ లేదు, కోడ్ మొత్తం వెతికినా దాని పేరు లేదు, పాతదేమో అని తీసేశాం. తీరా చూస్తే రోజూ రాత్రి షాపు కట్టేశాక నడిచే ఒక చిన్న స్క్రిప్ట్ ఆ టేబుల్లోంచే స్టాక్ లెక్క తీస్తోంది, ఆ స్క్రిప్ట్ రైల్స్ కోడ్‌లోనే లేదు, సర్వర్లో ఇంకో మూల ఉంది. మర్నాడు పొద్దున షట్టర్ తీసేసరికి స్టాక్ పేజీ నిండా సున్నాలు, కౌంటర్ ముందు మెకానిక్కులు క్లచ్ ప్లేట్ల కోసం నిలబడి ఉన్నారు. బ్యాకప్ ఉంది కాబట్టి మధ్యాహ్నానికి సర్దుకుంది. మీ దగ్గర ఉన్నది రైతుల సరుకు లెక్క, ఎవరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ ఛాంబర్లో ఉన్నాయో, ఏ బాండ్ మీద ఎంత అప్పు తీసుకున్నారో అన్నీ ఆ టేబుల్స్‌లోనే ఉంటాయి, ఒక్కటి కూడా తొందరపడి తీయకండి. సర్వర్లో చూడాల్సొస్తే రైల్స్ కన్సోల్‌ని శాండ్‌బాక్స్ ఆప్షన్‌తో తెరవండి, డేటాబేస్‌లో పొరపాటున ఏం మార్చినా బయటికి రాగానే వెనక్కి పోతుంది.

ఏ మోడల్ దేనికి ముడిపడి ఉందో తెలియాలంటే ఒక్కో మోడల్ మీద రిఫ్లెక్ట్ ఆన్ ఆల్ అసోసియేషన్స్ అనే మెథడ్ ఉంది, మధ్యలో అండర్‌స్కోర్లు పెట్టాలి. బాండ్ మీద అడిగితే అది ఫార్మర్‌కి చెందుతుంది, దాని కింద చాలా లాట్స్ ఉంటాయి అన్నట్టు బయటపెడుతుంది. కాలమ్ నేమ్స్ కూడా కలిపి ఒక ఫైల్లోకి రాసుకుంటే ఆయన రాసిపెట్టని కాగితం మీ చేతికి వచ్చేసినట్టే. బొమ్మగా కావాలంటే రైల్స్ ఈఆర్‌డీ అనే జెమ్, అంటే రూబీ లైబ్రరీ, పీడీఎఫ్ గీసిస్తుంది, దానికి గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

విజయవాడ పటమట నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని అడిగింది: "పైథాన్‌లో వెబ్ యాప్స్ కట్టే జాంగోలో ఇదే పని సబ్‌క్లాసెస్‌తో చేస్తే కొన్ని మోడల్సే వస్తున్నాయి, మిగతావి ఏమయ్యాయి?"

సబ్‌క్లాసెస్ అనేది నేరుగా పుట్టిన పిల్లల్నే చూపిస్తుందమ్మా, మనవల్ని చూపించదు. నువ్వు క్రియేటెడ్ డేట్ లాంటివి పెట్టుకోవడానికి ఒక అబ్‌స్ట్రాక్ట్ మోడల్ రాసి మిగతావన్నీ దాన్నుంచి తీసుకుని ఉంటావు, అందుకే అవి రావట్లేదు. జాంగో 1.7 నుంచి, అంటే 2014 నుంచి, యాప్స్ రిజిస్ట్రీ అని ఉంది, జాంగో డాట్ యాప్స్ నుంచి యాప్స్‌ని ఇంపోర్ట్ చేసుకుని గెట్ మోడల్స్ అడుగు, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో ఉన్న ప్రతి యాప్ మోడల్సూ వస్తాయి, అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు రావు. జాంగో మొదలయ్యేటప్పుడే మోడల్స్ ఫైల్స్ అన్నీ చదివేసుకుంటుంది కాబట్టి రైల్స్‌లో వచ్చిన ఖాళీ బ్రాకెట్ల బాధ ఇక్కడ లేదు. మెనీ టు మెనీ కోసం జాంగో తనంతట తాను చేసుకున్న మధ్య టేబుల్స్ కూడా కావాలంటే ఇంక్లూడ్ ఆటో క్రియేటెడ్ ట్రూ అని ఇవ్వాలి. మేనేజ్ డాట్ పీవై షెల్‌లో అయితే ఇది నేరుగా పనిచేస్తుంది, విడిగా స్క్రిప్ట్ రాస్తే మాత్రం ముందు సెట్టింగ్స్ ఏవో చెప్పి జాంగో డాట్ సెటప్ పిలవాలి, లేకపోతే యాప్స్ ఇంకా లోడ్ కాలేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.