ఫలక్‌నుమా కట్టించింది ఎవరు?

ప్రశ్న: ఫలక్‌నుమా ప్యాలెస్ నిజాం కట్టించాడని మా పిల్లల ట్యూషన్ సార్ చెప్పారట. మా అన్నయ్యేమో కాదు, వేరే నవాబు కట్టించి నిజాంకి ఇచ్చేశాడంటాడు. ఎవరి మాట నిజం?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ అన్నయ్య మాటే నిజమమ్మా. కట్టించింది 'పైగా' వంశపు నవాబు వికారుల్ ఉమ్రా. పైగాలంటే సంస్థానంలో నిజాం తర్వాత అంతటి జాగీర్లున్న కుటుంబం, తరతరాలుగా నిజాంలతో వియ్యమందినవాళ్లు. ఈయన కూడా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సోదరిని పెళ్లాడారు, అంటే నిజాంకి స్వయానా బావ, తర్వాత ఆయనకే దివాన్‌గా పనిచేశారు. 1884లో శంకుస్థాపన జరిగితే పూర్తయ్యేసరికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది, నవాబుగారు అప్పుల్లో కూరుకుపోయారు. నిజాం వచ్చి కొన్నాళ్లుండి మనసు పడ్డారని, బావగారు నజరానాగా ఇచ్చేస్తే ఆయన బదులుగా సొమ్ము ముట్టజెప్పారని చెప్పుకుంటారు. ఏమైనా 1890ల చివరికల్లా ఇల్లు అసఫ్‌జాహీల, అంటే నిజాం వంశం చేతికి వెళ్లిపోయింది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా అక్కడే.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్‌కోఠిలోనే ఉండేవారు, ఫలక్‌నుమా అతిథి గృహంగా మిగిలింది. 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల ఉన్న ఇల్లది! 1967లో ఆయన పోయాక మనవడు ముకర్రం జాకి వచ్చింది, ఆయనేమో ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారు, ఇక్కడ తాళాలు పడ్డాయి. ఆయన మొదటి భార్య ఎస్రా పూనుకుని ఏళ్ల తరబడి దగ్గరుండి మరమ్మతులు చేయించకపోతే ఏమయ్యేదో, ఆ విషయంలో ఆవిడకి మనమంతా రుణపడి ఉన్నాం. 2010లో తాజ్ హోటల్‌గా తెరిచారు, అదీ లీజు మీదే.

ఎప్పుడైనా లోపలికి వెళ్తే గోడల మీద, పైకప్పు మీద, కుర్చీల మీద కూడా 'వీ', 'ఓ' అనే ఇంగ్లీషు అక్షరాలు కలిపి చెక్కి ఉంటాయి, పిల్లలకి తప్పకుండా చూపించండి. అవి వికారుల్ ఉమ్రా పేరులోని పొడి అక్షరాలు. ఇన్ని చేతులు మారినా ఎవరూ వాటిని చెరిపేయలేదు. అలాంటప్పుడు మనం ఆయన పేరు ఎగరగొట్టి అంతా నిజాం ఖాతాలో వేయడం నాకు అస్సలు నచ్చదు.

ప్రశ్న: ఫలక్‌నుమా ఇచ్చేశాక ఆయన ఎక్కడున్నారు?
- అదే పాఠకురాలు

జవాబు: బేగంపేటలో ఇంకో భవనం కట్టించుకున్నారు, దాన్నే పైగా ప్యాలెస్ అంటారు. 2023 దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది అందులోనే, వీసా ఇంటర్వ్యూ టెన్షన్‌తో మనవాళ్లు ఎంతమంది ఆ గేటు ముందు నిలబడ్డారో!