అమెరికాలో తమ్ముణ్ణి ఐస్ వాళ్ళు తీసుకెళ్ళారు, సాయం ఎవరిని అడగాలి?

మీరు గుంటూరులో ఉన్నారు, తమ్ముడు డాలస్ దగ్గర ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే పర్మిషన్) మీద ఉన్నాడు, పొద్దున పనికెళ్తుంటే ఐస్ (ఐసీఈ, అంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ పోలీసులు) ఆఫీసర్లు ఆపి తీసుకెళ్ళారు, ఎక్కడ పెట్టారో రూమ్మేట్స్‌కి కూడా తెలీదు, అంతే కదా. మేం ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్‌కి ఇదే జరిగింది, బయటుండి తిరిగింది నేనే, కాబట్టి ఏది పనికొచ్చిందో చెప్తా. నేను లాయర్‌ని మాత్రం కాదు.

ముందు మనిషి ఎక్కడున్నాడో తేల్చుకోండి. ఐస్ వెబ్‌సైట్‌లో డిటైనీ లొకేటర్ (పట్టుకున్నవాళ్ళని ఎక్కడ పెట్టారో వెతికే పేజీ) ఉంటుంది, ఏ-నంబరూ (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు మనిషికి ఇచ్చే నంబర్) పుట్టిన దేశమూ కొడితే ఏ సెంటరో చూపిస్తుంది. ఓపీటీ వాళ్ళకి ఈఏడీ కార్డు (వర్క్ పర్మిట్) మీద యూఎస్‌సీఐఎస్ నంబర్ అని ఉండేదే ఆ ఏ-నంబర్, రూమ్మేట్స్‌ని కార్డు వెతికి ఫోటో పంపమనండి. పేరుతో కూడా వెతకొచ్చు గానీ మన పేర్లతో అదో గోల, ఒకడికి సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు ఉంటుంది, ఇంకొకడికి ఆ గడి ఖాళీగా ఉండి మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంటుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకదు. మావాడిది ఇంటిపేరూ పేరూ తిరగేసి కొడితే దొరికింది. మొదట్లో కనపడకపోతే కంగారు పడకండి, ఎక్కించడానికి టైం పడుతుంది, పైగా టెక్సాస్‌లో పట్టుకున్నవాళ్ళని లూసియానాకి మార్చేస్తుంటారు కాబట్టి రోజూ చూస్తూనే ఉండండి.

తర్వాత లాయర్. ఇమ్మిగ్రేషన్ కోర్టులో గవర్నమెంట్ లాయర్‌ని ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. ఫ్రీగా చేసే సంస్థల లిస్టు రాష్ట్రాలవారీగా ఇమ్మిగ్రేషన్ కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. డబ్బులిచ్చి పెట్టుకునేట్టయితే ఒకటే అడగండి, డిటెన్షన్ కేసులు వాదిస్తారా అని, ఎందుకంటే హెచ్1బీ ఫైల్ చేసే లాయర్ వేరు, ఇది చేసే లాయర్ వేరు. లాయర్ ఈ కేసు తనే చూస్తున్నట్టు జీ-28 అనే ఫారం వేస్తేనే ఆఫీసర్లు కేసు సంగతి వాళ్ళతో మాట్లాడతారు. ఈ గ్యాప్‌లో కన్సల్టెన్సీ వాళ్ళో, ఎవరో అన్నో ఫోన్ చేసి లోపల తెలిసినవాళ్ళున్నారు, ఇంత పంపండి అంటారు, పైసా పంపకండి.

కాన్సులేట్‌కి వాళ్ళంతట వాళ్ళకే తెలిసిపోతుందని మా ఇళ్ళల్లో అందరూ అనుకున్నారు. అలా ఉండదండీ. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పట్టుబడిన మనిషి అడిగితేనే మన కాన్సులేట్‌కి చెప్పాలి, కొన్ని దేశాల విషయంలో అడక్కపోయినా చెప్పాలి గానీ ఇండియా ఆ లిస్టులో లేదు. తమ్ముడు కాల్ చేస్తే అడగమని చెప్పండి, మీరూ పాస్‌పోర్ట్ కాపీ పెట్టి హ్యూస్టన్ కాన్సులేట్‌కి మెయిల్ కొట్టండి, డాలస్ వాళ్ళ కిందికే వస్తుంది. కేసు వాళ్ళు వాదించరు, కానీ మనిషి ఎలా ఉన్నాడో కనుక్కుంటారు.

ఆ కాల్‌లోనే ఇంకోటి కూడా చెప్పండి, లాయర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని, అబద్ధం మాత్రం ఆడొద్దని. కేసు సంగతులు ఫోన్‌లో మాట్లాడకండి, కాల్స్ రికార్డవుతాయి. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా, ఫెడరల్ ఏజెంట్లే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, దాదాపు 250 మంది దొరికిపోయారు, చాలామంది మనవాళ్ళే, ఎక్కువమంది వాలంటరీ డిపార్చర్ (డిపోర్ట్ ఆర్డర్ పడకుండా తామే దేశం వదిలి వెళ్ళిపోవడం) తీసుకుని వెనక్కొచ్చేశారు. అది అన్నిసార్లూ తప్పు నిర్ణయం కాదు, నెలల తరబడి లోపల ఉండటం కన్నా కొందరికి అదే నయం, కాకపోతే తమ్ముడు అది లాయర్‌తో మాట్లాడాక నిర్ణయించుకోవాలి, ఆఫీసర్ తొందరపెట్టాడని కాదు.

వీసా మీద వచ్చినవాడు కాబట్టి బాండ్ (డబ్బు కట్టి బయటికి రావడం, బెయిల్ లాంటిది) అడగొచ్చు. జడ్జి ఇచ్చే బాండ్ కనీసం 1,500 డాలర్లు, మామూలుగా చాలా ఎక్కువే వేస్తారు. కట్టే మనిషికి అక్కడ లీగల్ స్టేటస్ ఉండాలి, హియరింగ్‌లన్నిటికీ వెళ్తే కేసు అయ్యాక ఆ డబ్బు వెనక్కొస్తుంది. తెలుగు సంఘాల వాళ్ళు నిజంగా పనికొచ్చింది ఇక్కడే, కట్టడానికి సిటిజన్ ఒకాయన దొరికింది వాళ్ళ వల్లే, లీజు, కారు లాంటివి కూడా వాళ్ళే చూసుకున్నారు.

కాలేజీలో ఫారిన్ స్టూడెంట్ల సంగతులు చూసే ఆఫీసర్ (డీఎస్ఓ)కి చెప్పేముందు లాయర్‌ని అడగండి. సెవిస్ (ఫారిన్ స్టూడెంట్ల వివరాలుండే గవర్నమెంట్ డేటాబేస్) రికార్డు తీసేసి ఉంటే అదీ లాయర్‌కి చెప్పండి, 2025 ఏప్రిల్‌లో పాత ట్రాఫిక్ టికెట్ల లాంటివాటికి కూడా వేలమందివి తీసేస్తే, స్టూడెంట్లు కోర్టుకెళ్ళాకే మళ్ళీ యాక్టివ్ చేశారు.

పట్టుకునేటప్పుడు కొట్టడంగానీ వస్తువులు పాడుచెయ్యడంగానీ జరిగుంటే, చూసినవాళ్ళతో ఇప్పుడే తేదీ, టైం, చోటు రాయించి పెట్టుకోండి, నష్టపరిహారం క్లెయిమ్ ఎస్ఎఫ్-95 ఫారం మీద 2 ఏళ్ళలోపు వెయ్యాలి.

ఏ సెంటరో తెలిశాక రాయండి, లూసియానా అయితే మేం పెట్టుకున్న లాయర్ గురించి చెప్తా. ఏ-నంబర్, పాస్‌పోర్ట్ నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.