బ్యారేజీ మీద సూర్యాస్తమయం సరే, కల్లాల దగ్గరికి ఎప్పుడు వెళ్తారు?

అడిగిన ప్రశ్న ఇది: విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ముందస్తు ఏర్పాట్లేమీ లేకుండా, మన సంస్కృతీ రోజువారీ బతుకూ కనిపించేలా ప్రకృతి దృశ్యాలు తీయాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఏ కెమెరా కొనాలి?

కెమెరా సంగతి ఆఖర్న చెబుతాను, దాని చోటు అదే. ఎక్కడికి అని కాకుండా ఎప్పుడు అని అడిగి ఉంటే సగం జవాబు మీకే తట్టేది. కృష్ణా డెల్టాలో మనిషి చెయ్యి పడని నేల లేదు. కాలవ మనిషి తవ్విందే, గట్టు మనిషి పోసిందే, గట్టు మీద కొబ్బరి చెట్టు మనిషి నాటిందే. ఏ పని ఏ నెలలో, ఏ పూట జరుగుతుందో తెలిసినవాళ్లకే అప్పటికప్పుడు ఫొటో దొరుకుతుంది. తెలియనివాళ్లకి ఖాళీ పొలమూ, ఎర్రటి సూర్యుడూ దొరుకుతాయి.

ఎలాగూ అందరూ మొదట ప్రకాశం బ్యారేజీకే వెళ్తారు కాబట్టి ముందు దాని సంగతి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ కిలోమీటరుకు పైగా పొడవుతో దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఎగువన నిండు నీళ్లు పడమటి వైపు, దిగువన ఇసుక, రాళ్లు, పాయలు తూర్పు వైపు. సాయంత్రం ఎగువ వైపు తిరిగి ఊరంతా ఒకే ఫొటో తీస్తోంది. మీరు పొద్దున్నే సీతానగరం వైపు నుంచి దిగువకి వెళ్లండి. గేట్లు దించి ఉన్న రోజుల్లో పాయల్లో పుట్టి వేసుకుని వలలు సర్దుకునేవాళ్లు ఉంటారు, అవతల ఇంద్రకీలాద్రి ఉంటుంది, ఎండ మీ కుడి పక్క నుంచి పడుతుంది. వల విసరమని డబ్బులిచ్చి, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి తీసే పోటీ ఫొటోల మీద నాకు గౌరవం లేదు. ఎండకి ఎదురుగా వల విసరడం ఫొటో కోసం చేసే పని, చేపల కోసం చేసేది కాదు. వరద వచ్చి గేట్లు ఎత్తినప్పుడు ఒట్టి నీళ్లు తీస్తే అన్ని ఊళ్ల వరదా ఒకేలా ఉంటుంది. పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకుని వరద చూడ్డానికి వచ్చిన కుటుంబాన్నీ, కృష్ణమ్మకి పసుపు కుంకుమ వదులుతున్న అమ్మనీ ముందు ఉంచి, వెనక నీళ్లు పెట్టండి. పోలీసులు ఎక్కడ నిలబడనిస్తే అక్కడినుంచే. స్నానాల రేవుల్లో ఆడవాళ్లు స్నానం చేసే వైపు మాత్రం కెమెరా ఎత్తకండి. పండగ రోజైనా, పుష్కరాలైనా అంతే.

ఇక అసలు సంగతికొస్తాను. గుంటూరు ప్రాంతాన్ని ఒక్క దృశ్యంలో చూపించాలంటే నేను ఎంచేది మిరప కల్లం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం, సత్తెనపల్లి వైపు ఏ దారి పట్టినా రోడ్డు పక్కనే కనిపిస్తాయి. కోసిన కాయని ముందు ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచుతారు, రంగు సమంగా తిరగడానికి. తర్వాత టార్పాలిన్ పట్టాల మీద గానీ గట్టి నేల మీద గానీ పలచగా పరుస్తారు. రాత్రి మంచుకి తడవకుండా సాయంత్రం మళ్లీ కుప్ప చేసి పట్టా కప్పుతారు, పొద్దున మంచు ఆరాక తీసి పరుస్తారు. తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా, అంటే సుమారు పది పదిహేను రోజులు, ఇదే పని. ఈ వరస తెలిస్తే మీ ఫొటో వేళలు తెలిసినట్టే.

సూర్యోదయానికి అక్కడ ఉండాలని పరుగెత్తకండి. మార్చి మధ్యలో ఆరుంబావుకి పొద్దు పొడుస్తుంది, అప్పటికి కాయ ఇంకా పట్టా కిందే ఉంటుంది. మీకు కనిపించేది నీలం గుట్టలే. పట్టా లాగేది ఏడు, ఎనిమిది మధ్య. ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగుతుంటే నీలం కిందినుంచి ఎరుపు బయటపడుతుంది. అదంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముందే వెళ్లి, పట్టా ఏ వైపుకి లాగుతారో అడిగి, దానికి అడ్డంగా, ఎండ పక్కనుంచి పడే చోట నిలబడాలి. ఎండ వీపు మీద పడేలా నిలబడితే కల్లం ఎర్ర రంగు పూసిన గోడలా చదునైపోతుంది. పక్క ఎండలో అయితే ప్రతి కాయకీ సన్నటి నీడ పడి, కాయలు పరిచినప్పుడు ఏర్పడ్డ చాళ్లు కనిపిస్తాయి. పదిన్నర దాటాక ఇక తీయకండి. మార్చి చివర్లో మధ్యాహ్నం సూర్యుడు 70 డిగ్రీలకు పైన ఉంటాడు, మే 5, 6 తేదీల్లో అయితే సరిగ్గా నెత్తి మీదే. ఆ ఎండలో ముఖాలన్నీ తలగుడ్డ నీడలో మునిగిపోతాయి. సాయంత్రం నాలుగున్నర నుంచి కుప్ప చేయడం మొదలవుతుంది. అప్పుడు మాత్రం ఎండకి ఎదురుగా నిలబడొచ్చు, లేచే దుమ్ములో వెలుగు పట్టుకుంటుంది.

ఎరుపు దగ్గర దాదాపు అందరి ఫొటోలూ పాడవుతాయి. కారణం రెండు. కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా నమోదవుతాయి. ఎండలో మిరపకాయ దగ్గర ఎరుపు ఒక్కటే నిండిపోయి పొంగుతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. మొత్తం వెలుగు చూపించే హిస్టోగ్రామ్, అంటే తెర మీది వెలుగు గ్రాఫు, బాగానే ఉందంటుంది, ఫొటోలో మాత్రం కాయకీ కాయకీ తేడా పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడని తాకనంత వరకూ ఎక్స్‌పోజర్ తగ్గించండి. మామూలుగా మైనస్ 0.7 నుంచి మైనస్ 1 సరిపోతుంది. రెండోది వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు. ఫ్రేమంతా ఎరుపే ఉంటే ఆటో దాన్ని తప్పనుకుని చల్లబరుస్తుంది, ముఖాలు పచ్చగా పాలిపోతాయి. డేలైట్ మీద, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. కాయలు ఏరుతూ వంగి ఉన్నవాళ్ల గడ్డం కింద కాస్త ఎర్ర వెలుగు పడుతుంది. అది నిజంగా ఉన్న వెలుగే, దాన్ని సరిచేయొద్దు.

ఫోన్ అయితే సెట్టింగులు చేత్తో మార్చుకునే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే తీవ్రత) 100, షట్టర్ 1/2000తో మొదలుపెట్టి, ఎరుపు పొంగుతుంటే 1/4000కి వెళ్లండి. ప్రో మోడ్ లేకపోతే పట్టా మీదో, మనిషి చొక్కా మీదో వేలు ఒత్తి పట్టుకుని లాక్ చేసి, వెలుగు గుర్తుని కిందికి జరపండి. దృశ్యాన్ని గుర్తుపట్టి రంగులు పెంచే ఆటో సదుపాయం ఉంటే ఆపేయండి, మిరపకి అంతకన్నా శత్రువు లేదు. ఫోన్‌ని తల పైకెత్తి, ఏడెనిమిది అడుగుల ఎత్తునుంచి కొద్దిగా కిందికి వంచి తీస్తే కల్లం నాలుగు అంచులూ, వెనక తాడిచెట్లూ, కరెంటు స్తంభాలూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. ట్రాక్టర్ తొట్టి ఎక్కనిస్తే ఇంకా మంచిది. అల్ట్రా వైడ్ వద్దు, వెనకున్న మనుషులు చీమలైపోతారు.

మాట కలపడానికి ఫొటో ఊసు ముందు ఎత్తకండి. "బాబాయ్, ఇది ఎన్నో కోత కాయ? తేజానా, మూడు ముప్పై నాలుగా?" అని మిరప రకం అడిగితే చాలు, ఆ తర్వాత ఆయనే చెబుతాడు. అడిగిన జవాబు ఫొటోకీ పనికొస్తుంది. తేజ సన్నంగా నిగనిగలాడుతుంది, బ్యాడిగి రకం ముడతలు పడి నల్లెరుపులో ఉంటుంది, రెండింటికీ ఒకే ఎక్స్‌పోజర్ కుదరదు. రంగు వెలిసిన తాలుకాయని వేరుగా పోస్తారు. ఆ తెల్లటి చిన్న కుప్ప మూలన ఉంటే ఫ్రేముకి ఊపిరి వస్తుంది, దాన్ని వదిలేయకండి. కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వచ్చిన కూలీల గుడారాలు కూడా చేల పక్కనే ఉంటాయి. ఈ దృశ్యంలో వాళ్లూ భాగమే. గుడారం లోపలికి మాత్రం వాళ్లు పిలిస్తేనే.

ఇక్కడ నా ఫిర్యాదు కూడా వినండి. పెళ్లికి ముందు ఫొటోలని జంటల్ని తీసుకొచ్చి ఆరిన కాయ మీద చెప్పులతో నడిపిస్తున్నారు. ఆరిన కాయ తొక్కితే పగులుతుంది, గింజ రాలుతుంది, పగిలిన కాయకి యార్డులో రేటు తగ్గుతుంది. అవతలివాళ్ల ఏడాది కష్టం మీద నిలబడి తీసింది ఎంత బాగున్నా నా లెక్కలో ఫొటో కాదు. తక్కువ ఎత్తులో డ్రోన్ ఎగరేయడం కూడా ఇలాంటిదే, దాని గాలికి లేచిన ఘాటు అక్కడ ఏరుతున్న ఆడవాళ్ల కళ్లలోకి పోతుంది. ఇంకొకటి, తీశాక కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, నీళ్ల క్యాన్లు వేలితో చెరిపేయడం. అవన్నీ ఉన్న నేలే మనది. వాటిని చెరిపేస్తే మిగిలేది ఏ ఊరిదో చెప్పండి.

ఘాటు విషయంలో జాగ్రత్తలు తప్పవు. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. లెన్స్ మార్చాలంటే కల్లంలో కాదు, కారు తలుపులు మూసుకుని మార్చండి. ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి చిన్న టేపు ముక్క అంటించండి. లెన్స్ మీద దుమ్ముని నోటితో ఊదొద్దు, రబ్బరు బ్లోయర్‌తో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ. ఆ గుడ్డ ఉతికేదాకా ముఖానికి తాకించకండి. చేతులకి అంటిన మంట ఒట్టి నీళ్లతో పోదు. ముందు కొబ్బరి నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నలపకుండా నీళ్లు ధారాళంగా కొట్టుకోండి.

కల్లం నుంచి కాయ వెళ్లేది గుంటూరు మిర్చి యార్డుకి. శని, ఆదివారాలు యార్డుకి సెలవు, అందుకే వారాంతం ఫొటోగ్రాఫర్లకి అది దొరకదు. సీజన్లో పని రోజు వెళ్లండి, గేటు దగ్గర అడిగి వెళ్లండి, నడవలో నిలబడొద్దు. నలభై కిలోలకు పైగా ఉండే టిక్కీ, అంటే మిరప బస్తా, వీపు మీద మోస్తున్న హమాలీ మీ కోసం ఆగలేడు, ఆగకూడదు కూడా. లోపల రేకుల నీడ, బయట మండే ఎండ. రెండూ ఒకే ఫ్రేములో పెట్టకుండా, నీడ అంచున నిలబడి లోపలి వైపుకి తీస్తే వెలుగు మెత్తగా ఉంటుంది.

మిరప ఒక్కటే కాదు. దుగ్గిరాల వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసుపు ఉడకబెట్టి ఆరబోస్తారు, ఉడికేటప్పటి ఆవిరి పొద్దుటి చలిలోనే బాగా కనిపిస్తుంది. మంగళగిరిలో గాలిగోపురం ఒక్కటీ తీసి వెనక్కి రాకండి, మగ్గాలున్న వీధిలోంచి గోపురం ఎక్కడెక్కడ కనిపిస్తుందో నడిచి చూడండి. విజయవాడలో అయితే కొండల మీది ఇళ్లు. చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం మెట్ల దారుల్లో కుళాయి నీళ్ల వేళకి బిందెలు బారులు తీరతాయి. పొద్దుగూకాక పదిహేను, ఇరవై నిమిషాలకి ఆకాశం నీలంగా ఉండగానే ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. ఆ కాసేపట్లో పిట్టగోడ మీద ఫోన్ ఆనించి నైట్ మోడ్‌లో తీయండి. పూర్తిగా చీకటి పడితే కొండ ఆకారం పోయి చుక్కలే మిగులుతాయి.

సరే, కెమెరా. జేబులో ఉన్న ఫోన్ చాలు, లెన్స్ తుడిస్తే. మన చెమటకి లెన్స్ మీద జిడ్డు పేరుకుని, ఎండకి ఎదురుగా తీసినప్పుడు పొగ కమ్మినట్టు వస్తుంది. ఫోన్ పాతదైపోయిందని చాలామంది అనుకునేది దీనివల్లే. కొనే తీరతానంటే, ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సర్ ఉన్న ఏ కెమెరా అయినా, దానికో 18 మిల్లీమీటర్ల లెన్స్. లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్ 8 పెట్టి, ఫోకస్ రెండుంపావు మీటర్ల దగ్గర చేత్తో కట్టేస్తే మీటరుకు కాస్త అవతలి నుంచి దూరపు కొండ దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ కోసం ఆగక్కర్లేదు. ఆటో ఐఎస్‌ఓకి పై హద్దు 3200, కనీస షట్టర్ 1/500. రా (కెమెరా నమోదు చేసిందంతా కుదించకుండా ఉంచే ఫైలు), జేపెగ్ రెండూ దాచుకోండి, పొంగిన ఎరుపుని కొంతయినా వెనక్కి తెచ్చుకోవడానికి రా ఫైల్ కావాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, సంచిలోంచి తీయకుండా ఇరవై నిమిషాలు బయటి గాలికి అలవాటు కానివ్వండి.

తీసిన ఫొటోలు అక్కడివాళ్లకి పంపుతామని చెప్పి పంపనివాళ్ల వల్లే కొత్తగా వెళ్లినవాళ్లని జనం నమ్మడం లేదు. వాట్సాప్ నంబరు తీసుకుంటే ఆ రాత్రే పంపండి. పెద్దవాళ్లకయితే నాలుగు బై ఆరు ప్రింటు వేయించి, కాయ టిక్కీలకెత్తి కల్లం ఖాళీ చేసేలోపు తీసుకెళ్లి ఇవ్వండి. ఆ తర్వాత వెళ్తే ఆ చోట ఎవరూ ఉండరు.