ఉర్దూ గజళ్లలోని తోటలో భక్తి ఎక్కడుంది?

గజళ్లలో ఎప్పుడూ గులాబీ, బుల్‌బుల్, దీపం, దాని చుట్టూ తిరిగే పురుగు, ఇవే కదా, ఇందులో భక్తి ఎక్కడుంది, ఎవరితో మొదలుపెట్టాలి అని అడిగారు. ముందు ఒక మాట. గులాబీ అంటే దేవుడు, బుల్‌బుల్ అంటే భక్తుడు అని పట్టిక రాసుకుని మాత్రం చదవొద్దు. నాకు ఉర్దూ నేర్పిన మాస్టారు ఆ పని చేయనిచ్చేవారు కాదు, తోటను ముందు తోటగానే చూడమనేవారు.

ఆయన దగ్గర చదివినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది 18వ శతాబ్దపు ఔరంగాబాద్ సూఫీ కవి సిరాజ్ రాసిన ఒక షేర్, అంటే గజల్లోని రెండు పాదాల పద్యం. కంటికి కనబడని దిక్కు నుంచి ఏదో గాలి వీచిందట, సంతోషాల తోటంతా కాలిపోయిందట, 'మగర్ ఏక్ శాఖ్-ఎ-నిహాల్-ఎ-గమ్ జిసే దిల్ కహో సో హరీ రహీ', అంటే దుఃఖమనే చెట్టుకి మనసనే ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా మిగిలిందని. చూడండి, తోటను కాల్చింది నిప్పు అనలేదు, గాలి అన్నాడు. మన రోహిణి కార్తె వడగాడ్పుకి లేత ఆకులు మాడిపోవడం చూసినవాళ్లకి ఇది ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. దేవుడి పేరే లేదు ఇందులో. అయినా అంతా పోయాక కూడా ఎండని ఆ కొమ్మే భక్తి అని నేను చదువుకుంటాను, మా నాన్నగారు పోయినప్పుడు చాలా రోజులు నా నోట్లో ఇదే ఆడేది.

మన హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా (1565–1612) ధోరణి వేరు, ఆయనది పండగ. వసంతం మీద, మృగశిర వానల మీద దక్కనీలో, అంటే మన దక్కన్ ప్రాంతపు పాత ఉర్దూలో, హాయిగా రాసుకుంటూ పోయి చివర్లో 'నబీ సద్కే' అని అంతా ప్రవక్త దయ అంటాడు. నీళ్లలో చేపల్ని నింపినట్టు నా ఊరిని జనంతో నింపు స్వామీ అని ఆయన చేసిన ప్రార్థన అయితే హైదరాబాదీలు చాలామందికి తెలిసిందే.

మొదలుపెట్టడానికి మాత్రం ఢిల్లీ సూఫీ మీర్ దర్ద్ తేలిక. 'జగ్ మేఁ ఆకర్ ఇధర్ ఉధర్ దేఖా, తూ హీ ఆయా నజర్ జిధర్ దేఖా', లోకంలోకొచ్చి అటూ ఇటూ చూశాను, ఎటు చూసినా నువ్వే. మన పోతన ప్రహ్లాదుడు గుర్తు రాకుండా ఉంటాడా? ఉర్దూ లిపి రాకపోతే టెన్షన్ వద్దు, రేఖ్తా అనే ఉర్దూ కవిత్వం సైట్లో ఇవన్నీ దేవనాగరిలో, రోమన్‌లో కూడా ఉంటాయి, పదం మీద నొక్కితే అర్థం వస్తుంది. దర్ద్ తర్వాత సిరాజ్‌ని చదవండి, గాలిబ్‌కి తొందరేం లేదు.