మీ గాలిమర ఇంటి వయసు తేల్చే దారి

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో కొన్న గాలిమర ఇంటి గుమ్మం మీద 1816 అని ఉందని, కట్టింది అప్పుడేనా అని అడిగారు. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకండి, మరమ్మతు చేసినప్పుడూ అలా చెక్కించేవారు.

ముందు టైత్ మ్యాప్, అంటే చర్చికి కట్టే పదో వంతు పన్ను లెక్క కోసం గీసిన ఊరి పటం చూడండి. 1836 చట్టం తర్వాత తయారైన ఈ పటాల్లో ప్రతి స్థలానికీ ఒక నంబరు ఉంటుంది. దాన్ని పటానికి జతగా ఉండే పుస్తకంలో వెతికితే యజమాని పేరు, అక్కడ ఉన్నవారి పేరు విడివిడిగా దొరుకుతాయి. ఆ పేర్లతో జనాభా లెక్కలకు వెళ్లండి. 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవారి వయసును చాలాచోట్ల ఐదు గుణిజానికి తగ్గించి రాశారు, అందుకే వయసుకూ పుట్టిన ఊరికీ 1851వే వాడండి.

అన్నిటికన్నా విలువైనవి పాత పత్రికల్లోని అమ్మకం ప్రకటనలు. ఎన్ని జతల తిరగలి రాళ్లు, ఎలాంటి రెక్కలు అన్నది వాటిలో తరచుగా ఉంటుంది. రీడింగ్ పట్టణంలో, పాత మరల రికార్డులు దాచే మిల్స్ ఆర్కైవ్‌లో ఫొటోలు కూడా వెతకండి.

పైన రెక్కల ఇరుసు మిగిలి ఉంటే దాని మధ్య పొడవునా రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే అక్కడ బిగించినవి బహుశా ఇంజనీరు విలియం క్యూబిట్ 1807లో పేటెంట్ తీసుకున్న రకం రెక్కలు; వాటి పలకలను తెరిచి మూసే కడ్డీ ఆ రంధ్రంలోంచే వెళ్లేది. అయితే పాత మరలకూ వాటిని తర్వాత బిగించేవారు కాబట్టి, అది గోపురం వయసు చెప్పదు.