‘రన్ అవుట్’ పక్కన ‘ఆఫ్’ ఎప్పుడు?

పర్లాకిమిడి తమ్ముడూ, ‘వుయ్ ర్యాన్ అవుట్ రైస్’ అని రాస్తే సార్ ఎర్ర గీత ఎందుకు పెట్టారని అడిగావు. అక్కడ ‘అవుట్’ క్రియకు అతుక్కున్న ముక్క. ‘అయిపోవడం’ అనే అర్థం వచ్చేది దానివల్లే, కానీ ‘రైస్’ను కలపడం దానికి చేతకాదు. ఆ పని ‘ఆఫ్’ది: ‘వుయ్ ర్యాన్ అవుట్ ఆఫ్ రైస్’. బియ్యమే కర్త అయితే ‘ది రైస్ ర్యాన్ అవుట్’ చాలు. తెలుగులో ‘మాకు బియ్యం అయిపోయాయి’ అంటాం, తికమకంతా అక్కడే. ఒడియా మీడియంలో చదివిన నాకూ ఇదే టెన్షన్ ఉండేది.

‘లుక్ ఫార్వర్డ్ టు’ (ఆశగా ఎదురుచూడడం)లోనూ అంతే. ఆ ‘టు’ ప్రిపోజిషన్, అంటే మన విభక్తిలా నామవాచకాన్ని కలిపే మాట, కాబట్టి తర్వాత ‘మీట్ యూ’ రాదు, ‘మీటింగ్ యూ’ వస్తుంది. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ హీట్’ అను, మన గుణుపురం ఎండకి సరిగ్గా సరిపోతుంది.